కలెక్టర్ గారూ, సూర్యలంకలో నిర్మాణ నిషేధ గీత ఎక్కడుందో చూపించండి

బాపట్ల జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

సూర్యలంక బీచ్ దగ్గర అద్దె షెడ్డులో టిఫిన్ హోటల్ నడుపుకుంటున్నాను సార్. శని, ఆదివారాలు గుంటూరు, విజయవాడ నుంచి వచ్చే కార్లే మాకు ఆధారం, ఇక కార్తీక మాసంలో సముద్ర స్నానాలకొచ్చే జనంతో ఊపిరాడదు. అందుకే సొంతంగా ఒక కొట్టు స్థలం కొందామనుకున్నాను. ఒక మధ్యవర్తి "కమర్షియల్ బిట్టు, ఏ ఇబ్బందీ లేదు" అని అడ్వాన్స్ తీసుకున్నాడు, తీరా ఆరా తీస్తే అది సీఆర్‌జెడ్‌లో, అంటే కట్టడాలపై ఆంక్షలున్న తీర నియంత్రణ ప్రాంతంలో ఉందంటున్నారు. ఆ డబ్బు ఇంకా చేతికి రాలేదు, ఇంట్లో అందరికీ టెన్షన్.

కేంద్రం ఇచ్చిన 2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ ప్రకారం గ్రామీణ తీరంలో చదరపు కిలోమీటరుకు 2161 మందికి మించి ఉన్నచోట పోటు రేఖ (పోటు సమయంలో సముద్రపు నీళ్లు చేరే హద్దు) నుంచి 50 మీటర్లు, మిగతా చోట్ల 200 మీటర్లు నిర్మాణ నిషేధ ప్రాంతం. నిబంధన మంచిదే, తుపాను గాలికి ఇసుక ఎలా కోసుకుపోతుందో కళ్లారా చూసినవాళ్లం కాదనలేం. కానీ ఆ నిషేధ గీత కాగితం మీదే ఉంటే మాలాంటి వాళ్లకు ఎలా తెలుస్తుంది?

సర్వే నంబర్లతో సహా రాళ్లు పాతించి, బీచ్ రోడ్డు మొదట్లో, సచివాలయంలో తెలుగు మ్యాప్ పెట్టించండి సార్. తాత్కాలిక కొట్లకు ఎక్కడ వీలుందో కూడా అందులోనే చూపించండి. వచ్చే కార్తీకంలోపు చేయిస్తే ఇంకొకరు అడ్వాన్స్ ఇచ్చి మోసపోరు.