వైద్య విద్యార్థులకు విపత్తు పాఠం పరీక్ష కోసమేనా?

సంపాదకులకు,

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో స్టైరీన్‌ అనే విషరసాయనపు ఆవిరి ఇళ్ళమీదికి కమ్ముకున్నప్పుడు వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు, పన్నెండు మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత 2023 అక్టోబరులో కంటకాపల్లి వద్ద రైళ్ళు ఢీకొన్నాయి. 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఫార్మా కర్మాగారంలో పేలుడు జరిగింది. ఇలాంటి రోజున క్యాజువాలిటీ గుమ్మంలో క్షతగాత్రులకు ఎదురుపడేది చాలాసార్లు హౌస్‌సర్జన్లే, అంటే ఎంబీబీఎస్‌ చదువు ముగించి ఆసుపత్రిలో శిక్షణ పొందుతున్నవారే. వారికి మనం నేర్పుతున్నదేమిటన్నదే నా ప్రశ్న.

2019లో అమల్లోకి వచ్చిన ఎంబీబీఎస్‌ పాఠ్యప్రణాళికలో కమ్యూనిటీ మెడిసిన్‌ కింద విపత్తు నిర్వహణకు చోటుంది. అయితే అక్కడ విద్యార్థిని అడిగేది విపత్తును నిర్వచించడం, విపత్తు నిర్వహణ చక్రాన్ని (ముందుజాగ్రత్త నుంచి పునరావాసం దాకా వచ్చే దశలను) వివరించడం, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ గురించి చెప్పడం లాంటివే. చక్రం బొమ్మ చక్కగా గీసినవారికి మార్కులు పడతాయి. విషవాయువు సోకినవారికి ముందుగా ఒంటిమీది బట్టలు తీయించి, కళ్ళూ ఒళ్ళూ ధారాళంగా నీళ్ళతో కడగాలనీ, ఆ పనికి దిగేముందు తాము రక్షణ దుస్తులు వేసుకోవాలనీ ఒక్కసారైనా చేసి నేర్చుకున్న విద్యార్థులు ఎందరుంటారు?

నా అనుభవమే చెబుతాను. నేను హౌస్‌సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఒక రాత్రి బస్సు బోల్తాపడి ముప్పైమంది దాకా ఆటోల్లో వచ్చారు. అందరం అరిచేవారి దగ్గరికే పరుగెత్తాం. మూలన బల్లమీద ఒక పెద్దాయన కండువాను పొట్టకు అదుముకుని, ఎవరినీ పిలవకుండా కూర్చున్నారు. నేను అటువైపు వెళ్ళినప్పుడు మంచినీళ్ళు అడిగితే ఇచ్చి, తల పగిలిన కుర్రవాడికి కుట్లు వేయడానికి వెళ్ళిపోయాను. తిరిగివచ్చేసరికి నాడి అందలేదు, కడుపులో రక్తస్రావం. ట్రయాజ్‌, అంటే ఎవరికి ముందు చికిత్స చేయాలో తేల్చడం, అనే మాట నాకు అప్పటికే తెలుసు, పరీక్షలో రాశాను కూడా. నడవగలరా, నిమిషానికి ముప్పైకి మించి ఊపిరి తీస్తున్నారా, మణికట్టు దగ్గర నాడి తగులుతోందా, చెప్పిన మాట వింటున్నారా అని చూసి తీవ్రతను బట్టి ఎరుపో పసుపో ఆకుపచ్చో నలుపో రంగు కట్టడానికి మనిషికి అర నిమిషం చాలు. కానీ ఆ అర నిమిషం ఆగడం చేతికి అలవాటు కావాలి.

సిలబస్‌ ఇప్పటికే బరువెక్కిందన్న అధ్యాపకుల మాటను నేను కాదనను. నేను కోరుతున్నది కొత్త పాఠం కాదు, ఏడాదికి రెండు పూటల మాక్‌డ్రిల్‌. అందులో ఒకటి రాత్రిపూట, ముందుగా చెప్పకుండా జరగాలి. 108 సిబ్బంది, వార్డుబాయ్‌లు, సెక్యూరిటీవారు అందరూ పాల్గొనాలి. జూనియర్లే గాయపడినవారిగా నటిస్తే, రంగు రిబ్బన్లూ కాస్త కుంకుమనీళ్ళూ మినహా పెద్ద ఖర్చు కూడా ఉండదు. ప్రముఖుల ముందు పగటిపూట ఫోటోల కోసం చేసే విన్యాసం మాత్రం దీని కిందికి రాదు.

ఎన్టీఆర్‌ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ డ్రిల్‌ను లాగ్‌బుక్‌లో చేర్చి, కనీసం రెండింటికి సంతకం లేనిదే హౌస్‌సర్జన్సీలో చేరనివ్వకుండా నిబంధన తేవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక ప్రభుత్వ వైద్యుడు, విశాఖపట్నం