వాతావరణ పట్టికలో వాయుపీడనానికీ ఒక గడి కావాలి

సంపాదక మహాశయులకు నమస్కారం.

ఇటీవల ఒక సాయంత్రం అరగంటసేపు వీచిన ఈదురుగాలికి పెదవాల్తేరులోని మా వీధిలో రెండు చెట్లు, ఒక కరెంటు స్తంభం నేలకొరిగాయి. మళ్లీ కరెంటు వచ్చేలోగానే మా అపార్ట్‌మెంటువారి వాట్సాప్ గ్రూపులో కారణం తేలిపోయింది. అలాస్కాలో ఉన్న హార్ప్ అనే యంత్రంతో ఎవరో మన నెత్తిమీది గాలిని కెలికారని ఒకరు, ఎక్కడో చేసిన మేఘమథనం (వాన కోసం మేఘాల మీద రసాయనాలు చల్లడం) వికటించిందని మరొకరు రాశారు. మర్నాడు పత్రికలు తిరగేస్తే ‘ఉపరితల ద్రోణి ప్రభావంతో’ అన్న ఒక్క ముక్క కనిపించింది. అది తప్పు కాదు. అయితే దాన్ని చదివి ఏం జరిగిందో చెప్పగలిగినవారు వీధికి ఒక్కరైనా ఉంటారని నేననుకోను. పోర్టులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, పొద్దున్నే భారమితి (గాలి పీడనాన్ని కొలిచే బారోమీటరు) చూడటం అలవాటైన మనిషిగా నాకు తెలిసిన నాలుగు మాటలూ, మిమ్మల్ని అడగదలచుకున్న ఒక కోరికా రాస్తున్నాను.

హార్ప్ సంగతి త్వరగానే ముగించవచ్చు. ఆ కేంద్రం పంపగల రేడియో తరంగాల శక్తి 3.6 మెగావాట్లు, అవి పనిచేసేది అయనావరణంలో, అంటే మన మేఘాలకు ఎన్నో రెట్ల ఎత్తున. ఒక చదరపు కిలోమీటరు మేర ఒక్క సెంటీమీటరు వాన కురవాలంటే పైన అంత నీటి ఆవిరి ద్రవంగా మారాలి. ఆ మార్పులో వెలువడే వేడి సుమారు 38,000 వంటగ్యాస్ సిలిండర్లు మండించిన దానికి సమానం. అలాస్కా యంత్రం ఆగకుండా 80 రోజులు పనిచేస్తే గాని ఆ లెక్కకు చేరదు. మేఘమథనం ఉన్న మేఘాన్ని కాస్త తొందరపెట్టగలదేమో గాని, లేని మేఘాన్ని పుట్టించలేదు.

మరి ఆ సాయంత్రం జరిగిందేమిటి? ఎండాకాలంలో తూర్పు కనుమల మీదుగా పడమటి నుంచి పొడి వేడిగాలి వస్తుంది. మధ్యాహ్నం తర్వాత బంగాళాఖాతం నుంచి తేమతో బరువెక్కిన సముద్రపు గాలి లోపలికి వస్తుంది. రెండూ కలిసే చోట తేమగాలి పైకి లేచి, చల్లబడి, ఆవిరి నీటి బిందువులుగా మారేటప్పుడు దాచుకున్న వేడిని వదిలిపెడుతుంది, ఆ వేడితో గాలి ఇంకా పైకి ఎగస్తుంది. గంట, గంటన్నరలో మేఘం 12, 15 కిలోమీటర్ల ఎత్తుకు పెరగడం ఇలాగే. తర్వాత వాన చినుకులు కింది పొడిగాలిలోంచి దిగుతూ కొంత ఆవిరైపోతాయి, అందుకు కావలసిన వేడిని ఆ గాలి నుంచే లాక్కుంటాయి. చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కసారిగా కిందపడి, నేలకు తగిలి, నలువైపులా పరుచుకుంటుంది. వాన కంటే ముందు ముఖానికి తగిలే చల్లగాలి, దాని వెనకే చెట్లను పడగొట్టే గాలి, రెండూ ఇదే.

మా హాల్లో పాత ఓడ నుంచి విప్పిన ఇత్తడి భారమితి ఒకటి గోడకు వేలాడుతుంటుంది. ఏ తుఫానూ లేని రోజున కూడా దాని సూది ఊరుకోదు. ఉదయం 10 గంటలకూ రాత్రి 10 గంటలకూ కాస్త పైకి, తెల్లవారుజామున 4 గంటలకూ సాయంత్రం 4 గంటలకూ కాస్త కిందికి, సముద్రపు ఆటుపోట్ల మాదిరిగా జరుగుతుంటుంది. సూర్యుడి వేడికి వాతావరణమంతా ఊగడం వల్ల కలిగే ఈ తేడా మనవంటి ఉష్ణమండల ప్రాంతాల్లో సుమారు 3 మిల్లీబార్లు (పీడనాన్ని కొలిచే ప్రమాణం ఇది). ఆ సాయంత్రం మాత్రం గాలి విసురు తగిలిన నిమిషాల్లోనే సూది పైకి ఎగిరింది. పీడనం పడిపోవడమొక్కటే ప్రమాదమనుకునేవారికి ఇది వింతగా తోచవచ్చు. చల్లని బరువైన గాలి వచ్చి మీద కూర్చుంది గనుక పీడనం పెరిగింది, అంతే.

తుఫానులో వ్యవహారం దీనికి తలకిందులు. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ నాటి ఉదయం సూది గంట గంటకూ కిందికి జారుతూ, అంతకుముందు నేనెన్నడూ చూడని గీతల్లోకి వెళ్లింది. మధ్యాహ్నానికి తుఫాను కన్ను నగరం మీదికి వచ్చింది. కిటికీల హోరు ఆగిపోయింది. పక్కింటివారు గడిచిపోయిందనుకుని పిల్లలతో సహా మెట్లు దిగుతుంటే, ‘సూది ఇంకా అడుగునే ఉంది, లోపలికి రండమ్మా’ అని అరవవలసి వచ్చింది. కొద్దిసేపటికే గాలి ఎదురు దిక్కు నుంచి తిరగబడింది. కేంద్రంలో పీడనం సుమారు 950 మిల్లీబార్లు, గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల మేర ఉన్నట్టు ఆ తర్వాత తెలిసింది. సముద్రమట్టం వద్ద మామూలు పీడనం 1013. ఒక్కో మిల్లీబారు తగ్గితే సముద్రం ఇంచుమించు ఒక్కో సెంటీమీటరు ఉబ్బుతుంది కాబట్టి, గాలి తోసుకొచ్చిన నీరు కాక, ఈ లెక్కనే 60 సెంటీమీటర్ల పైచిలుకు. మేఘాలనూ గాలి వేగాన్నీ దూరం నుంచే పసిగట్టే కైలాసగిరి మీది డాప్లర్ రాడార్ ఆ ఉదయమే మూగబోయింది.

పీడనంలో ఇంత లోతు గుంట ఎలా ఏర్పడుతుందన్న దానికి బంగాళాఖాతమే సగం జవాబు. సముద్రం పై పొర 26.5 డిగ్రీలు దాటి వేడిగా ఉండాలి. మన సముద్రం అక్టోబరులో తరచుగా 28, 29 డిగ్రీలు ఉంటుంది. పైగా గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి వర్షాకాలమంతా కుమ్మరించిన తేలికైన మంచినీరు ఉప్పునీటి మీద పొరగా పరుచుకుని, అడుగున ఉన్న చల్లని నీటిని సులభంగా పైకి రానివ్వదు. ఆవిరి పైకి లేచి నీరైనప్పుడు వెలువడే వేడితో నడిమి గాలి తేలికపడి, అడుగున పీడనం తగ్గుతుంది. తగ్గిన చోటికి చుట్టుపక్కల గాలి పరుగెత్తుకొచ్చి, భూభ్రమణం వల్ల సుడి తిరిగి, వస్తూ వస్తూ మరింత ఆవిరిని తెస్తుంది. పై ఎత్తుల గాలులు అడ్డంగా కోయకపోతే అల్పపీడనం వాయుగుండమై, అది తుఫానై, ఒక్కోసారి ఒక్క రోజులోనే దాని గాలి వేగం గంటకు 55 కిలోమీటర్లు పెరుగుతుంది. వాతావరణం ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. ప్రతి గాలివానకూ భూతాపాన్నే నిందించడం నాకు నచ్చదు గాని, ఈ అంకెను పక్కన పెట్టలేం.

ఒక చిన్న చమత్కారం కూడా చెప్పాలి. కిరండూల్ రైలెక్కి అరకు వెళితే మనం హుద్‌హుద్ కంటే ఎక్కువగా, దాదాపు 100 మిల్లీబార్లు కోల్పోతాం. చెవులు దిబ్బడ వేస్తాయి, పిల్లల చేతిలోని చిప్స్ ప్యాకెట్ బూరెలా ఉబ్బుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. ఎందుకంటే గాలిని పరుగెత్తించేది ఎత్తును బట్టి తగ్గే పీడనం కాదు, ఒకే మట్టంలో పక్కపక్కన ఉన్న చోట్ల మధ్య తేడా. అందుకే భారమితి ఎంత తగ్గిందన్నది కాక, ఎంత త్వరగా తగ్గుతోందన్నది చూడమని పోర్టులో పెద్దలు మాకు నేర్పారు.

ఇక నా కోరిక. మీ వాతావరణ పట్టికలో గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు, తేమ, సూర్యోదయం, సూర్యాస్తమయం ఉన్నాయి; పీడనం లేదు. సముద్రమట్టానికి సవరించిన విశాఖ వాయుపీడనం ఒక అంకెగా, నిన్నటికీ నేటికీ తేడా మరో అంకెగా రోజూ వేయండి. జనవరిలో 1015, జూన్‌లో 1000 దరిదాపుల్లో ఉండే ఈ అంకెకు ఒక ఏడాదిలో పాఠకులు అలవాటు పడతారు. గోడే వెంకట జగ్గారావు గారు 1840లోనే పరిశీలనశాల నెలకొల్పిన ఊరు ఇది. 1974 నుంచి తుఫాను హెచ్చరికల కేంద్రం కూడా ఇక్కడే ఉంది. మనవారికి రెండు అంకెలు భారం కావు. అలాగే ద్రోణి, ఆవర్తనం, వాయుగుండం అని రాసినప్పుడు పక్కనే రెండు వాక్యాల వివరణ ఉంటే మేలు. వేసవి ఈదురుగాలిని ముందుగా పట్టివ్వడంలో ఈ గడి పనికిరాదని ఒప్పుకుంటాను, దానికి రాడారే దిక్కు. అక్టోబరు, నవంబరు నెలల్లో మాత్రం తప్పక పనికొస్తుంది.

అంకె ఏ రోజుదైనా ఉదయం 8.30 గంటలదే అయి ఉండాలని మనవి. ఉదయపు అంకెను సాయంత్రపు అంకెతో పోల్చి వేస్తే, పైన చెప్పిన ఊగులాట వల్ల ప్రతి రోజూ తుఫాను వచ్చేలా కనిపిస్తుంది. వాట్సాప్ గ్రూపుకు ఆ పని కూడా మనమే చేసిపెట్టినట్టవుతుంది.

ఇట్లు,
పోర్టు విశ్రాంత ఉద్యోగి,
పెదవాల్తేరు, విశాఖపట్నం.