ఇల్లు ఖాళీగా కనిపిస్తే చాలు, దిగిపోతున్నారు

సంపాదకుడు గారికి,

మా అక్క ఇల్లు గుంటూరు కొరిటెపాడులో ఉంది. బావగారు పోయాక అక్క కొడుకు దగ్గరికి పుణె వెళ్లింది. నెలకోసారి నేనే వెళ్లి, రాలిన కొబ్బరి మట్టలు ఏరి, వాకిలి చిమ్మించి వచ్చేవాణ్ణి. పోయినేడాది మోకాలి ఆపరేషన్ కావడంతో నాలుగు నెలలు మా గడప దాటలేదు. ఒకరోజు అక్క పక్కింటావిడ ఫోన్ చేశారు. "మాస్టారూ, ఇల్లు అద్దెకిచ్చారా? వరండాలో బట్టలు ఆరేసి ఉన్నాయి."

వెళ్తే గేటుకు కొత్త తాళం. లోపల్నుంచి వచ్చినాయన ఏమాత్రం తొణకలేదు. బావగారు ఇల్లు అమ్ముతానని అడ్వాన్సు తీసుకున్నట్టు వంద రూపాయల స్టాంపు కాగితం మీద నోటరీ అగ్రిమెంటు చూపించాడు. సంతకం కింద తేదీ చూశాను. అప్పటికి బావగారి సంవత్సరీకం కూడా అయిపోయింది.

పోలీస్ స్టేషన్‌లో మరణ ధ్రువపత్రం బల్ల మీద పెట్టినా, "ఆయన దగ్గరా ఏదో కాగితం ఉంది కదండీ, సివిల్ మ్యాటర్, కోర్టుకెళ్లండి" అన్నారు. గృహ అతిక్రమణ నేరమని భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్‌లోనే ఉంది. ఆ మాట అడిగితే మళ్లీ "సివిల్ మ్యాటర్" అనే. పోనీ తాళం మనమే పగలగొడదామా అంటే కేసు తిరిగి మన మీదే పడుతుందని వకీలు వారించాడు.

పన్నెండేళ్లు అనుభవిస్తే ఇల్లు వాళ్లదే అయిపోతుందని మనవాళ్లు భయపడుతుంటారు. నిజానికి కొంప మునిగేది మొదటి నెలల్లోనే. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద 6 నెలల్లోగా దావా వేస్తే, ఇల్లు ఎవరిదన్న పేచీ జోలికి పోకుండానే స్వాధీనం తిరిగి అడగొచ్చు. అయితే ఆ లెక్క వాడు దిగిన రోజు నుంచి, మనకు తెలిసిన రోజు నుంచి కాదు. ఎప్పుడు దిగాడో మాకేం తెలుసు? పైగా మా సర్వీసు నంబరుతో ఫోన్లోనే కరెంటు బిల్లులు కట్టి ఆ రసీదులు దాచుకున్నాడు. బిల్లు కట్టినంత మాత్రాన హక్కు రాదు, కానీ ఇంట్లో ఉంటున్నానని చూపడానికి పనికొస్తుంది. చివరికి అక్క విసిగిపోయి, "వాడి మొహాన ఎంతో కొంత పడేసి పంపించరా తమ్ముడూ" అంది. రిజిస్టర్డ్ దస్తావేజు మా చేతిలో ఉండగా, మా ఇల్లు మేమే డబ్బిచ్చి విడిపించుకున్నాం.

బెజవాడ కొండల మీద తరాలుగా ఇళ్లు కట్టుకుని ఉంటున్న పేదల సంగతి వేరు. దాన్ని దీనితో కలపకండి. నేననేది కాగితాలు పుట్టించి తాళాలు మార్చేవాళ్ల గురించి.

అధికారులకు నా విన్నపం పెద్దదేమీ కాదు. ఊరెళ్లేవాళ్లు అడిగితే ఇంట్లో కెమెరా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ ఏర్పాటును మన పోలీసులు దొంగతనాలు ఆపడం కోసం తెచ్చారు. అలాగే నెలల తరబడి ఖాళీగా ఉండే ఇళ్లకు స్టేషన్‌లో ఒక రిజిస్టర్ పెట్టండి. అందులో రాయించిన ఇంట్లో ఎవరైనా దిగారని తెలిస్తే, కోర్టు పేరు చెప్పేముందు ఒక కానిస్టేబుల్‌ని పంపి, ఎవరున్నారో, ఎప్పుడొచ్చారో రాయించండి. ఆ తేదీ ఒక్కటి ఉంటే మాకు సగం టెన్షన్ తప్పేది. ఇంటి పన్నులో గానీ కరెంటు మీటరులో గానీ పేరు మార్చమని ఎవరైనా దరఖాస్తు పెడితే, పాత యజమాని ఫోన్‌కు ముందే మెసేజ్ వెళ్లాలి.

మన తప్పూ ఉంది. ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీని ఆన్‌లైన్‌లో తీసి చూసుకోవడానికి నిమిషాలు చాలు, అదీ చేయం. ఇల్లు పాడవుతుందని అద్దెకివ్వం. ఇప్పుడు అక్క ఇంట్లో 11 నెలల అగ్రిమెంటు మీద ఒక చిన్న కుటుంబాన్ని పెట్టాం, అద్దె తక్కువే. పక్కనున్న ఖాళీ జాగా గోడ మీద మాత్రం "ఈ స్థలం అమ్మకానికి కాదు" అని పెద్దక్షరాలతో నా ఫోన్ నంబరు రాయించాను. రోజుకు ఇద్దరైనా ఫోన్ చేసి, గజం ఎంతకిస్తారని అడుగుతున్నారు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు