ఫోన్ ఎత్తవేం చిట్టీ?

చిట్టీ,

నీ గొంతు విని ఇరవై రోజులైంది. కోపంతో రాయడం లేదు, పొద్దుపోక రాస్తున్నా. మొక్కజొన్న మోకాలెత్తు వచ్చింది. గేదె ఈనింది, పెయ్యదూడ. అమ్మ నిమ్మకాయ ఊరగాయ పెట్టి నీ వాటా విడిగా తీసింది.

మొన్న సరోజ పిన్ని వచ్చి, నువ్వు అర్ధరాత్రి దాకా ల్యాబ్‌లోనే ఉంటున్నావనీ, పీహెచ్‌డీ మానేస్తానన్నావనీ ఎవరో చెప్పారంది. నేను నమ్మలేదులే.

ఈ ఏడు కూడా మొక్కజొన్న సుడిలో రంపపు పొట్టులాంటి పురుగు రెట్ట కనిపించింది. చూడగానే 2018 గుర్తొచ్చింది. కర్ణాటకలో కత్తెర పురుగు పడిందని పేపర్లో వచ్చిన ఏడాదే మన చేలోకీ దిగితే, నేనేమో పొగాకు లద్దె పురుగేనని వాదించాను. తల మీద తిరగేసిన ఇంగ్లీషు వై, తోక దగ్గర చదరంగా నాలుగు చుక్కలు ఉంటాయని నువ్వు చెప్పావు గానీ, మనకు దొరికినవన్నీ పిల్లపురుగులు, వాటికి అవి సరిగా కనబడవాయె. రెక్కలొచ్చాక తేలుద్దామని పదింటిని హార్లిక్స్ సీసాలో వేసి ఆకులు పెట్టాను. వారానికి మూడే మిగిలాయి, ఒకదాన్నొకటి తినేశాయి! ఆ మూడింటినీ నాయనమ్మ అసహ్యమేసి పెంట మీద పారబోసింది. మళ్ళీ పట్టుకొచ్చి ఫార్మాలిన్‌లో వేయబోతే, డీఎన్‌ఏ పాడవుతుంది, ఆల్కహాల్‌లో వెయ్యి నాన్నా అని నువ్వు అరిచిన అరుపు వీధి చివరికి వినిపించింది. చిన్న ముక్క కోసి, సీఓఐ అనే జన్యువులో 658 డీఎన్‌ఏ అక్షరాలు చదివి, పేరు తెలిసిన పురుగుల రికార్డులతో పోలిస్తే చాలన్నావు. గుడ్డైనా పురుగైనా రెక్కలొచ్చినా ఆ అక్షరాలు మారవట. చివరికి కత్తెర పురుగేనని తేల్చావు, వెంకటేశు బావ ముందు నా పరువు పోయింది.

పోల్చే రికార్డుకే ఎవరో తప్పు పేరు పెట్టి ఉంటే మన జవాబూ తప్పేనని కూడా అప్పుడే చెప్పావు. అందుకే పిన్ని మాట పట్టుకోకుండా నిన్నే అడుగుతున్నా. మానేయాలనిపిస్తే చెప్పు, తిట్టను. అయినా ఇన్నేళ్ళు చదివి మధ్యలో... సరే, ఇక చెప్పనులే. రాత్రి అన్నమే తిను, బిస్కెట్లతో కడుపు నింపుకోకు. ఆ రసాయనాలు ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కో.

శనివారం రమణ అటు వస్తున్నాడు. ఊరగాయ, మునగాకు పొడి, నీ పాత స్వెటర్ పంపుతున్నా. అందాక ఒక్క మిస్డ్ కాల్ అయినా ఇవ్వు, నేనే చేస్తా.

నాన్న