మంత్రిగారూ, ప్రశ్నలకు ఒక సాయంత్రం ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను మద్రాసులో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. పిల్లలు ఇప్పుడు విశాఖలో చదువుకుంటున్నారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రాజకీయ ప్రసంగాలకు, అంతకన్నా ముఖ్యంగా ఆ వక్తలను విద్యార్థులు నిలదీసి అడగడానికి చోటు కల్పించమని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ కోరిక నాలో కలగడానికి కారణం ఒక తమిళ పత్రికా సంపాదకుడు. ఆయన భావాల్లో సగానికి సగం నాకు సమ్మతం కాదు. అయినా ముందు ఆయన గురించే చెప్పాలి. ఆయన చో రామస్వామి.

మనవాళ్లలో చాలామందికి చో అంటే నున్నటి గుండుతో, పెద్ద కళ్లద్దాలతో సినిమాల్లో నవ్వించిన నటుడు. తమిళులు ఆయన్ని గుర్తుంచుకున్నది వేరే పనికి. వృత్తిరీత్యా వకీలు, నాటక రచయిత. 1968లో తుగ్లక్ పాత్రను నేటి రాజకీయాల్లోకి దింపి ఒక నాటకం రాశారు. 1970 సంక్రాంతికి అదే పేరుతో పత్రిక పెట్టారు. మొదటి సంచిక అట్ట మీద రెండు గాడిదలు మాట్లాడుకుంటున్న బొమ్మ వేశారు. ఎమర్జెన్సీ వచ్చినప్పుడు అట్టను నల్లగా అచ్చు వేశారు. వాజపేయి ప్రభుత్వ కాలంలో, 1999లో, రాజ్యసభకు నామినేట్ అయ్యారు. 2016 డిసెంబరు 7న, జయలలిత పోయిన రెండు రోజులకు, కన్నుమూశారు. మరుసటి ఏడాది పద్మభూషణ్ ప్రకటించారు.

ఆయన సంప్రదాయవాది. ఆ మాట దాచుకోలేదు. ద్రావిడ ఉద్యమం నిలువెల్లా పాతుకున్న నేల మీద నిలబడి ఆ ఉద్యమాన్నే ఏళ్ల తరబడి విమర్శించారు. శ్రీలంక తమిళుల ప్రత్యేక దేశం కోసం సాగిన ఈలం పోరాటం మీద తమిళనాట సానుభూతి వెల్లువెత్తిన రోజుల్లో, ఆ పోరాటం చేసిన సాయుధ సంస్థ ఎల్‌టీటీఈని గట్టిగా వ్యతిరేకించారు. చప్పట్లు రావని తెలిసి చెప్పిన మాటలవి. స్త్రీల విషయంలో ఆయన ధోరణి నాకు ఏనాడూ నచ్చలేదు, ఇప్పటికీ తప్పనే అంటాను. నిలకడ విషయంలోనూ ఆయన్ని తప్పుపట్టినవాళ్లున్నారు. 1996లో జయలలితను ఓడించడానికి డీఎంకేకు, కాంగ్రెస్ నుంచి విడివడిన మూపనార్ పార్టీకి మధ్య పొత్తు కుదర్చడంలో ఆయన చేయి ఉంది. తర్వాతి కాలంలో అదే జయలలితకు దగ్గరయ్యారు.

అయితే ఆ నిలకడ సంగతి ఆయన్ని ముఖం మీదే అడిగే వీలుండేది. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఏటా సంక్రాంతినాడు పత్రిక వార్షికోత్సవం జరిగేది. ఒకసారి, 2012లో, అద్వానీ, నరేంద్ర మోదీ కూడా ఆ వేదిక ఎక్కారు. కానీ జనం వచ్చేది పెద్దల కోసం మాత్రమే కాదు. పాఠకులు లేచి ప్రశ్నలు అడిగేవారు. నిన్న తిట్టినవాళ్లను ఇవాళ ఎందుకు మెచ్చుకుంటున్నారు, మీరు చెప్పిన జోస్యం ఎందుకు తప్పింది లాంటివన్నీ. ఆయన వాటికి జవాబిచ్చేవారు. కొన్ని జవాబులు నన్ను ఒప్పించాయి, కొన్ని అస్సలు ఒప్పించలేదు. సభ అయ్యాక ఆయన్ని మెచ్చేవాళ్లూ మండిపడేవాళ్లూ మెట్ల మీదే వాదన కొనసాగించేవారు. వాళ్లలో నేనూ ఉన్నాను.

ఇక మన సంగతి. మంత్రిగారూ, ఇది ఏ ఒక్క పార్టీనో తప్పుపట్టడానికి రాయడం లేదు. 2021 నవంబరులో అప్పటి ప్రతిపక్ష నాయకుడు, ముఖ్యమంత్రిగానే తిరిగి అడుగుపెడతానని చెప్పి అసెంబ్లీ నుంచి వెళ్లిపోయారు. 2024లో ఓడిపోయి 175 స్థానాల్లో 11తో మిగిలిన పార్టీ, ప్రతిపక్ష హోదా ఇవ్వలేదంటూ సభకు దూరంగా ఉంటోంది. ఎవరి కారణాలు వాళ్లకున్నాయి. కానీ ఈ మధ్యకాలంలో ఓటు హక్కు వచ్చిన పిల్లలు ఇరుపక్షాల పెద్దలు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడం ఎన్నిసార్లు చూశారు? వాళ్లకు తెలిసింది ప్రెస్‌మీట్. మాట్లాడేవాడు తన చానల్‌వాళ్ల ముందు మాట్లాడతాడు, అవతలివాడు తన చానల్‌లో బూతుతో బదులిస్తాడు. ఇంట్లో ఏ చానల్ పెడతారో తెలిస్తే ఆ ఇంటి ఓటు ఎటో చెప్పేయొచ్చు. మా బంధువుల వాట్సాప్ గ్రూపు ఒకటి ఎన్నికలప్పుడు రెండుగా చీలింది. పెళ్లి పిలుపులు కూడా ఇప్పుడు రెండుసార్లు పంపాల్సి వస్తోంది. దీనికి నాకు చాలా బాధగా ఉంది.

విభేదం మనకు కొత్త కాదు, దాన్ని మర్యాదగా మోయడమూ కొత్త కాదు. 1923లో మద్రాసు శాసనమండలిలో జస్టిస్ పార్టీ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం పెట్టింది ఆ పార్టీ నుంచి విడివడిన కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఎదుట ఉన్నది ఆ ప్రభుత్వానికి నాయకుడైన పానగల్లు రాజా గారు. ఇద్దరూ తెలుగువాళ్లే. తీర్మానం వీగిపోయింది. మూడేళ్లు తిరక్కుండానే, పానగల్లు రాజా ప్రభుత్వం ఉండగానే, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. తొలి వైస్ ఛాన్సలర్ ఎవరనుకున్నారు? రామలింగారెడ్డి గారే. 1930లో బ్రిటిష్ ప్రభుత్వ దమననీతికి నిరసనగా ఆ పదవికి రాజీనామా చేశారు. 1936లో మళ్లీ వచ్చి 1949 దాకా నడిపారు. ఇప్పుడు మీ శాఖ కింద ఉన్నది ఆ విశ్వవిద్యాలయమే.

అక్కడి నుంచే మొదలుపెట్టమని అడుగుతున్నాను. తర్వాత తిరుపతి, అనంతపురం, నాగార్జున. ప్రతి విశ్వవిద్యాలయంలో సెమిస్టర్‌కు ఒక సాయంత్రం చాలు. సంప్రదాయవాది ఒకసారి వస్తే వామపక్షం మనిషి మరోసారి రావాలి. పాలక పక్షాన్ని సమర్థించే విశ్లేషకుడు ఒకసారి, విమర్శించేవాడు మరోసారి. వక్తకు ఎంత సేపు ఇస్తారో ప్రశ్నలకూ అంతే సేపు ఇవ్వాలి. ప్రశ్నలను ముందుగా అధికారులు చూడకూడదు. చీటీలు వేసి తీయండి, లేదా మైకు దగ్గర వరుసలో నిలబడనివ్వండి. ప్రశ్న అడిగిన పిల్లవాడి మీద తర్వాత ఎవరూ కక్ష కట్టకుండా చూసే బాధ్యత రాతపూర్వకంగా వైస్ ఛాన్సలర్ తీసుకోవాలి. ఈ చివరిది లేకపోతే మిగతావి పెట్టినా లాభం లేదు. మా పిల్లలు నోరు మెదపకపోవడానికి కారణం అభిప్రాయాలు లేక కాదు, హాల్‌టికెట్ భయం.

గొడవలు జరుగుతాయని మీ అధికారులు చెబుతారు. జరగవచ్చు. సభలో అరిచేవాణ్ణి బయటికి పంపే నియమం ముందే ప్రకటించండి. అది ఏ పక్షంవాడికైనా ఒకటే కావాలి. గొడవ భయంతో మాట్లాడటమే ఆపేస్తే, ఆ పిల్లలు మాట్లాడటం నేర్చుకునేది ఫోన్లో, ముఖం కనిపించని మనుషుల దగ్గర. అక్కడ వాళ్లు ఏం నేర్చుకుంటున్నారో మీకూ తెలుసు.

డబ్బు పెద్దగా అక్కర్లేదు. హాళ్లున్నాయి, మైకులున్నాయి, రావడానికి సిద్ధంగా ఉన్న వక్తలూ ఉన్నారు.

మొదటి సాయంత్రానికి వక్తగా మీరే విశాఖ రండి. ప్రశ్నలు ముందే తెప్పించుకోకండి. మీ పక్క కుర్చీలో ప్రతిపక్షం పంపిన మనిషిని కూర్చోబెట్టండి. తేదీ ప్రకటించిన రోజే నేను రైలు టికెట్ తీసుకుంటాను.

ఇట్లు,
విశాఖలో చదువుతున్న ఇద్దరు పిల్లల తండ్రి,
చెన్నై