ఎల్‌కేజీ ఎవరి పరిధి?

సంపాదకులకు,

నర్సరీ పిల్లల ర్యాంకులను ఫ్లెక్సీలకెక్కించడం తప్పని పోయిన వారం జిల్లా పేజీలో ఓ మూల నాలుగు వాక్యాలు రాశారు. సంతోషం. దాని కిందే అరపేజీ ప్రకటన, ఎల్‌కేజీ నుంచే ఐఐటీ పునాది అట! అది చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

మా మనవరాలికి నాలుగేళ్లు నిండి రెండు నెలలు. ఎల్‌కేజీలో రోజూ మూడు పేజీల కాపీ రాత. మొన్న పెన్సిలు చేతిలో ఉండగానే నిద్రపోయింది. బడికి వెళ్లి అడిగితే, పిల్ల వెనకబడుతోందన్నారు. దేనిలోనో! ఇదే పిల్ల గుజ్జనగూళ్లు ఆడుతూ నలుగురికీ సమానంగా వడ్డిస్తుంది, అలిగినవాణ్ని బుజ్జగిస్తుంది, బొమ్మకు జ్వరమొస్తే పథ్యం పెడుతుంది. దాగుడుమూతల్లో పది అంకెలు పూర్తయ్యేదాకా కళ్లు తెరవకుండా ఉంటుంది. ఆ వయసుకు అదెంత నిగ్రహమో ఒకటో తరగతికి ముప్పై ఏళ్లు చెప్పిన నాకు తెలుసు. వేళ్లు కుదురుకోకముందే దిద్దించిన పిల్లలు నా దగ్గరికొచ్చి పలక చూస్తేనే ఏడ్చేవారు.

ఇవి ఏలినవారికి తెలియక కాదు. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానంలో వారే రాసుకున్నారు. ఈ వయసు పిల్లలకు రాత పరీక్షలు, నోటి పరీక్షలు ఏవీ వద్దని ఎన్‌సీఈఆర్‌టీ 2019లోనే చెప్పింది. వినేదెవరు?

పోనీ, ఆటపాటల చదువు కోసమని 1975 నుంచి అంగన్‌వాడీలున్నాయి. అక్కడ టీచరు పిల్లల తూకాలు, సర్వేలు, పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు ముగించి, సిగ్నల్ కోసం ఫోను ఎత్తిపట్టుకుని గుమ్మంలో నిలబడితే, లోపల కథ చెప్పేదెవరు? 2023 డిసెంబరులో వేతనాలు పెంచమని ఈ టీచర్లు సమ్మెకు దిగితే ఆంధ్రప్రదేశ్‌లో వారిపై, అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించారు. అత్యవసర సేవ అన్నమాట! ఆ సేవకు అప్పుడు నెలకు ఇచ్చింది 11,500 రూపాయలు.

మూడు పేజీల రాత సంగతి చెబుదామని విద్యాశాఖ కార్యాలయానికి వెళ్లాను. ఒకటో తరగతి నుంచే తమకు సంబంధమన్నారు, శిశు సంక్షేమం వారిని అడగమన్నారు. వారేమో తమది అంగన్‌వాడీల వరకేనన్నారు. బడి బస్సుకైనా ఫిట్‌నెస్ చూసే అధికారి ఒకరున్నారు. మా పిల్ల ఎవరి పరిధిలోకి వస్తుందో మీ విలేకరితో కనుక్కుని రాయించండి, ప్రకటనలు పోగా చోటు మిగిలితే.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి