ఎక్కడి అడుగులు, ఏ గంటవి?

సంపాదకులకు,

గోదావరికి ఎర్రనీరు తగలగానే ‘48 అడుగులు దాటింది, లంకలు ఖాళీ చేయండి’ అన్న సందేశాలు కోనసీమ ఫోన్లలో తిరుగుతాయి. ఆ 48 అడుగులు ఎగువనున్న భద్రాచలానివి. అక్కడ 43, 48, 53 అడుగులకు మూడు ప్రమాద హెచ్చరికలు ఇస్తారు. కోనసీమకు దగ్గరి ధవళేశ్వరం బ్యారేజీ వద్ద అవే హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులకు. ఊరు, గంట, కొలమానం, ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆ అంకె ఎందుకూ కొరగాదు. ‘25 లక్షల టీఎంసీలు వదిలారు’ అని రాసినవాడికి క్యూసెక్కే తెలియదు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు ప్రవాహం, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 8.64 టీఎంసీలు. పోలవరం జలాశయం పూర్తి సామర్థ్యమే 194.6 టీఎంసీలు!

వీడియో వస్తే వంతెనో, గుడో, బోర్డో కనబడేచోట ఆపి, స్క్రీన్‌షాట్ తీసి, బొమ్మతో వెతికే గూగుల్ లెన్స్‌లో వెతకాలి. పైన వచ్చిన ఫలితంతో సరిపెట్టుకోకుండా అన్నిటికన్నా పాత తేదీ ఉన్నది పట్టుకోవాలి. 2022 జూలైలో భద్రాచలం 71.3 అడుగులు చూసింది. అప్పటి దృశ్యాలు నెట్‌లో ఇంకా ఉన్నాయి. ఏమీ దొరకనంత మాత్రాన వీడియో నిజమైపోదు. బోర్డు మీద అక్షరాలు తిరగబడి ఉంటే ఎవరో వీడియోను అద్దంలో బొమ్మలా తిప్పేసి ఉండవచ్చు.

‘ఏటిగట్టుకు గండి పడింది’ అనే ఆడియోలకు లెన్స్ పనిచేయదు. ఏ పాయ, ఏ గట్టు, ఏ ఊరు అని పంపినవారినే అడగాలి. గోదావరి పాయ వశిష్ఠకు ఎడమగట్టు కోనసీమది, కుడిగట్టు పశ్చిమ గోదావరిది. అదీ చెప్పని గొంతును నమ్మి జనం ట్రాక్టర్లతో గట్టు మీదికెక్కితే ఇసుక బస్తాల లారీకి దారి దొరకదు. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుంటే ఆ సందేశం చాలా చేతులు మారి వచ్చినట్టు. విపత్తుల సంస్థ నంబరు 1070కు ఫోన్ చేసి కనుక్కున్నాకే ఇంకొకరికి పంపాలి.

అధికారులూ బులెటిన్‌ను ఫొటోగా పెట్టడం మానాలి. అంకె మార్చడం ఎవరికైనా చిటికెలో పని. నీరు పెరుగుతోందో తగ్గుతోందో, ఏ గంటకో అక్షరాల్లో రాయాలి. మీ పత్రిక పాత వరద ఫొటో వేస్తే సంవత్సరాన్ని ఫొటో మీదే ముద్రించండి. కింద వేస్తే కత్తిరించి పంపేస్తున్నారు.

– ఒక పాఠకుడు, రావులపాలెం